ఇంటికి బదులు ఇల్లు

పూతలపట్టు దగ్గర ఆ మూడంతస్తుల మేడ గేటు ముందుకు నవీన రావడం అది నాలుగోసారి. పదేళ్లకోసారి అవే ఇళ్లకు వెళ్లి ఎవరి ఆదాయం ఎంత పెరిగిందో రాసుకునే సర్వే ఆమెది. ఫారాలు సాయంత్రంలోగా చిత్తూరు ఆఫీసులో ఇవ్వాలి. ఊళ్లో అందరూ కోడిగుడ్ల మీద వచ్చే డబ్బుతో సహా చెప్పారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని ఇల్లొక్కటే మిగిలింది.

"సారు ఊర్లో లేడమ్మా," అన్నాడు వాచ్‌మన్ ఆదిమూలం. పై వరండాలో ఎవరో దగ్గారు. ఆదిమూలం తలెత్తలేదు.

నవీన గేటు ముందే అటూ ఇటూ తిరిగింది. మళ్లీ వాచీ చూసుకుంది. ఒక ఇంటివాళ్లు దొరక్కపోతే పక్కింటివాళ్లను రాసుకోవచ్చని నియమం. పక్కనున్నది ఆదిమూలం ఉండే రేకుల గది.

"సరే, నీ ఆదాయం చెప్పన్నా. ఆ ఇంటి బదులు రాసుకుంటా."

"జీతం నెలకు పన్నెండు నూర్లు. మేకలు రెండుండాయి, పాలు ఇంటికే సరి."

"లెక్క బాగా తయారుగా పెట్టుకోనుండావే."

"పదేండ్ల కింద వచ్చినాయన గూడా నన్నే రాసుకున్నాడు గదమ్మా. అప్పుడు ఆ మేడ లేదు, పెంకుటిల్లు. నా జీతం తొమ్మిది నూర్లు."

నవీన పాత ఫారం తీసి చూసింది. నిజమే, యజమాని ఇంటి నంబరు కింద ఆదిమూలం పేరే ఉంది.

రోడ్డు మీద చిత్తూరు బస్సు హారన్ కొట్టింది. ఆమె చివరి గడి గబగబా నింపేసింది.

పదేళ్లలో ఈ ఇంటి ఆదాయం పెరుగుదల: నెలకు మూడు వందలు.