కప్పులిచ్చిన మనిషి

నంద్యాలలో ఆ లేడీస్ హాస్టల్ గేటు ముందు సాయంత్రం నాలుగున్నరకు గొడవ మొదలైంది.

కాలేజీ నుంచి వస్తున్న పిల్లల్ని ఆపి, ఎవరో పెద్దాయన సంచిలోంచి చిన్న చిన్న పొట్లాలు తీసి ఇస్తున్నాడు.

వార్డెన్ అరుణకుమారి పరుగున వచ్చింది.

"ఏందప్పా అవి?"

ఆయన తల దించుకున్నాడు.

"కప్పులమ్మా. నెలసరికి వాడేవి. ప్యాడ్లు అక్కర్లేదంట. కడుక్కోని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చంట."

అరుణకుమారికి గుండె ఆగినంత పనైంది.

హవ్వ! అరవయ్యేళ్ల మగవాడు నడిరోడ్డు మీద నిలబడి ఆడపిల్లలతో మాట్లాడే మాటలేనా ఇవి?

ఆమె ఆ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. లోపల నలభై మంది పిల్లలు. ఈ సంగతి బయటికి పొక్కిందంటే తల్లిదండ్రులు పెట్టే బేడా సర్దించి తీసుకుపోతారు. ఆ తర్వాత హాస్టలూ ఉండదు, తన ఉద్యోగమూ ఉండదు.

"సిగ్గుండాదా నీకు? ఆడపిల్లల సంగతి నీకెందుకు?"

"మా బిడ్డ ఆళ్లగడ్డలో నర్సుగా చేస్తాందమ్మా. ఆయమ్మే ఇచ్చి పంపింది."

"అయితే ఆయమ్మనే రమ్మను. నువ్వెందుకొచ్చినావ్?"

"నాకు కావాల్సి వచ్చిందమ్మా. ఈ పిల్లలంతా ఇవి వాడితే నేను..."

చెంప ఛెళ్లుమంది.

  ఆయన కింద పడిన పొట్లాలు ఏరుకోబోతే అరుణకుమారి సంచి లాక్కుంది.

"ఇంకోసారి ఈ పక్క కనపడితే పోలీసులకు పట్టిస్తా. పో!"

పోయాడు పాపం. సంచి స్టోర్ రూములో మూలకు పడింది.

రెండు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున వంటింట్లో నర్సింగ్ చదివే జెస్సీ చిన్న గిన్నెలో ఏదో మరిగిస్తోంది.

"గుడ్లు ఉడకేస్తాండావా?" అంటూ అరుణకుమారి మూత తీసింది.

నీళ్లలో కప్పు తేలుతోంది!

మూత చేతిలోంచి జారి కింద పడింది.

"యాడిదే ఇది?"

"స్టోర్ రూములోదే మేడం. నేనొకటి, నా రూములో ఉండే సిరి ఒకటి తీసుకున్న్యాం."

"పెళ్లి కావాల్సిన పిల్లలే మీరు! రేపేమన్నా అయితే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాల?"

"ఏమీ కాదు మేడం. పెళ్లికీ దీనికీ ఏం సంబంధం? మాకు క్లాసులో కూడా చెప్పినారు. మొదటి నెల తియ్యడం రాక నేనూ ఏడ్చినా. ఇప్పుడు పొద్దున పెట్టుకుంటే సాయంత్రం దాకా వార్డులో తిరిగినా మరక భయం లేదు. మీరూ ఒకటి తీసుకోండి."

"నోర్ముయ్!"

నోరైతే మూయించింది గానీ, ఆ నెలలోనే ఎవరూ లేని సమయం చూసి స్టోర్ రూములోకి వెళ్లి తనూ ఒకటి తెచ్చుకుంది.

రెండుసార్లు కుదరలేదు. తిట్టుకుంది. మూడోసారి కుదిరింది. ఆ రోజు కూరగాయల మార్కెట్టంతా తిరిగి వచ్చినా చీర వెనక్కి తిప్పి చూసుకోవాల్సిన పని పడలేదు. నలభై రెండేళ్లొచ్చాక ఇదేం విడ్డూరమని నివ్వెరపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు ఆ పెద్దాయన. అయ్యో, మంచి చెప్పబోయిన మనిషిని కొట్టానే అని మనసు చివుక్కుమంది. దొరికితే క్షమాపణ అడగాలనుకుంది. ఎక్కడని వెతుకుతుంది? కనీసం పేరైనా అడగలేదాయె.

వానలు పడ్డాయి. హాస్టల్ బాత్‌రూములు పొంగాయి.

అది కొత్తేం కాదు. ప్యాడ్లు చెత్తబండి మగవాళ్ల కంటపడితే పరువు పోతుందని, డబ్బాలో ఒక్కటి కూడా కనపడకూడదని అరుణకుమారి వచ్చిన రోజే రూలు పెట్టింది. పిల్లలు వాటిని లెట్రిన్‌లో వేసి బకెట్లతో నీళ్లు కొట్టేవాళ్లు. కప్పులు వాడేది నలుగురైదుగురే కదా, మిగతావాళ్లది అదే పద్ధతి.

సెప్టిక్ ట్యాంకు గుంత తీయించే పని వంటామె కమలాక్షమ్మది. గుంత తీసే ప్రతిసారీ అరుణకుమారి వెనక తలుపు వేయించి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మేడ మీద గదిలో కూర్చునేది.

ఈసారి కమలాక్షమ్మ మేడెక్కి వచ్చింది.

"మేడం, ఎప్పుడూ గుంత దిగే ఆయన ఇంక నావల్ల కాదంటాండాడు. ఊపిరాడ్డం ల్యాదంట. రానన్నా ఆళ్లగడ్డ నుంచి బతిమాలి పిలిపించినా. అన్నీ ప్యాడ్లే. ఎత్తలేక చస్తాండాడు."

"ఎత్తేదేంది? మిషన్ లాగదా?"

"అవి ఉబ్బిపోయి పైపుకు అడ్డం పడతాయి. మిషన్ ఎట్ల లాగుతాది? చేతుల్తోనే తియ్యాల."

"చేతుల్తోనా!"

అరుణకుమారి లేచి నిలబడింది. మగవాళ్ల కంటపడకూడదని తను దాచించినవన్నీ ఒక మగవాడి చేతుల్లోకే పోతున్నాయా?

"వద్దు, పైకి రమ్మను! ఆయన్ని పైకి రమ్మను!" అంటూ మెట్లు దిగింది. గుంత తీసే పూట ఎన్నడూ తీయని వెనక తలుపు తనే తీసింది.

ఛాతీదాకా గుంతలో మునిగి, రెండు చేతుల నిండా ఉబ్బిన ప్యాడ్లు పట్టుకుని తలెత్తి చూసిన ఆ మనిషి, ఆరోజు గేటు దగ్గర ఆమె చెంపదెబ్బ తిన్న పెద్దాయనే.