పన్నెండో నంబరు పన్ను

2071 జూన్ 9, ఉదయం 9.10. విశాఖ దంత పరీక్షశాలలో పన్నెండో నంబరు పన్ను మీది తొడుగు ఆ రోజు కూడా ఊడలేదు. నమిలే యంత్రంలో అది ఆరేళ్లుగా నలుగుతోంది. తొడుగును అతికించిన జిగురు ఎప్పుడు వదిలిందో నమోదు చేశాకే శాలను మూయాలి. ఆ జిగురు వచ్చాక దేశంలో ఎవరికీ తొడుగు ఊడలేదు. మిగతా ఉద్యోగులు వేరే పనులు చూసుకున్నారు. శాల మూస్తే గాని, అక్కడ ఒక్కతే మిగిలిన ఉద్యోగిని తబితకు నంద్యాల బదిలీ రాదు.

9.20కి నంద్యాల నుంచి ఆమె భర్త ఏసుపాదం ఫోన్ చేశాడు.

“ఇంకా ఊడల్యా?”

“లేదండీ.”

“నాకంటే ఆ పన్నే నిన్ను గట్టిగా పట్టుకునింది. పట్టకారుతో పీకెయ్, ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడరు. ఇక్కడ ఎవరున్నారని?”

ఫోన్ పెట్టేసి ఆమె యంత్రాన్ని ఆపింది. పట్టకారుతో తొడుగును పట్టి లాగింది. 9.31కి పన్ను రెండుగా విరిగింది. తొడుగు పై ముక్కకే అంటుకుని ఉంది.

“పన్ను విరిగింది. నేనే విరిచాను. జిగురు వదల్లేదు” అని పుస్తకంలో రాసింది.

9.50కి తొడుగున్న ముక్కను యంత్రంలో బిగించి, మీట నొక్కింది.