అల్మారా తాళంచెవి

"విమలా, అల్మారా తాళంచెవి ఇయ్యి. పిస్తోలు లైసెన్సు రెన్యువల్ చేపియ్యాలె," అన్నాడు వైకుంఠం.

ఒక్కగానొక్క బిడ్డ కళావతి కామెర్లతో పోయి ఇరవై రోజులైంది. మొఘల్‌పురాలో ఆయన బట్టల దుకాణం మళ్లీ తెరవనేలేదు.

"పిస్తోలు ఇంట్ల లేదు. పొద్దున ఇన్‌స్పెక్టర్ సాబును పిలిపించి ఠాణాల జమ చేపిచ్చిన," అంది విమలాదేవి.

వైకుంఠం మంచం మీద కూలబడ్డాడు. తన మనసులోది భార్య కనిపెట్టేసింది.

"నేనేమన్న చేసుకుంటనని భయపడ్డవా?"

"మీ సంగతి నాకు తెల్వనే తెల్వదు," అందామె. "నిన్న మీరు స్నానానికి పోయినప్పుడు అల్మారా తెరిచి దాన్ని చేతిలకు తీసుకున్నది నేను. నా మీద నాకే నమ్మకం పోయింది."

ఇన్నాళ్లూ తనొక్కడే బిడ్డను పోగొట్టుకున్నాననుకున్న వైకుంఠం, భార్యను దగ్గరికి తీసుకుని బావురుమన్నాడు.