మిగిలిన ఐదు సూదులు

"గేటుకాడ అరగంట నిలబెట్టిన్రు. గట్లెట్ల నిలబెడ్తరమ్మా?"

తలుపు తీసీ తీయగానే ఆ కేక.

శ్రీవల్లికి ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే తన ఇంటి గుమ్మంలో నిలబడి తననే నిలదీస్తున్నాడు, అదీ ఒక కంపౌండరు!

"స్నానానికి వెళ్లానండీ. మిమ్మల్ని లోపలికి పంపమని ఫోన్‌లో అప్రూవ్ చేయడం కాస్త ఆలస్యమైంది, అంతేగా!"

"అంతేగా అంటవేంది? సూది ఏడింటికి పడాలె. నీ స్నానమయ్యేదాంక పుండుల క్రిములు ఆగుతయా?"

ఆయన పేరు కనకయ్య. అరవై దాటి ఉంటాయి. ఢిల్లీలో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నాడో గానీ కరీంనగర్ యాస పిసరంతైనా పోలేదు. చేతిలో మాసిన గుడ్డసంచి, అందులో సిరంజిలు, దూది. నాలుగు రోజులుగా వస్తున్నాడు, ఒక్కసారి నవ్విన పాపాన పోలేదు.

సూది జున్నుకు. జున్ను అంటే శ్రీవల్లి పెంచుకుంటున్న కుక్క. నోయిడాకు ఉద్యోగానికొచ్చిన ఏడేళ్లలో ఆమెకు తనదంటూ మిగిలింది అదొక్కటే.

పార్కులో వీధికుక్క కరిస్తే వెనక్కాలికి ఎముక దాకా చీము పట్టింది. జంతువుల డాక్టరు ఛాయాదేవి చూసి, ఇది మాత్రలకు లొంగేది కాదంది. రోజుకొక యాంటీబయాటిక్ ఇంజెక్షన్, పది రోజులు, ఒక్క రోజు కూడా తప్పకూడదంది.

"రోజూ ఆఫీసు మానేసి క్లినిక్‌కి తీసుకురాలేను డాక్టర్."

"మీ పక్క సెక్టార్‌లో కనకయ్యగారని ఉన్నారు. తెలుగాయనే. ఇంటికొచ్చి వేస్తారు."

అలా పంపింది. సూది వేసి పొమ్మని పంపింది గానీ పెత్తనం చెయ్యమని కాదు కదా!

"జొరం చూసినవా? కట్టు నాకుతుంటే ఎవ్వలు చూస్తలేరా? రాత్రి అన్నం ఎంత తిన్నది?"

నువ్వట, నువ్వు! ఆఫీసులో ముప్ఫైమంది తనను మేడమ్ అంటారు. పళ్లు బిగబట్టి అన్నిటికీ జవాబు చెప్పింది.

అయిదో రోజు సూది పడ్డాక, జున్ను లేచి కుంటకుండా హాలంతా తిరిగింది. గిన్నెడు పెరుగన్నం నాకేసి, బంతి తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది. శ్రీవల్లికి ప్రాణం లేచొచ్చింది.

"ఇంక చాలండీ. రేపట్నుంచి రావద్దు."

కనకయ్య సంచి సర్దుతున్నవాడల్లా ఆగాడు. "డాక్టరమ్మ చెప్పిందా?"

"నాకు కళ్లున్నాయి. నిక్షేపంలా ఆడుకుంటోంది. దాన్నింకా పొడిపించడం నాకిష్టం లేదు."

"ఇప్పుడాపితే క్రిములల్ల చచ్చేటియి చస్తయి, మొండియి మిగుల్తయి! అవి మల్ల లేస్తే గీ మందుకు లొంగయి. ఇంకా అయిదు సూదులున్నయి, ఎయ్యనియ్యి!"

"అరవకండి! నా కుక్క, నా ఇష్టం. రోజులు పెరిగితే చివర్లో మీ బిల్లు పెరుగుతుంది, అంతేగా మీ బాధ?"

శ్రీవల్లి ఇంకేం వినదలచుకోక దభాలున తలుపు వేసేసింది.

మర్నాడు ఏడింటికి గేటు నుంచి గార్డు ఫోన్.

"మేడమ్, అంకుల్ జా నహీ రహే. బోల్తే హైఁ, సూయీ లగానీ హై." సూది వేయాలంటూ కదలడం లేదట.

"అందర్ మత్ ఆనే దో భయ్యా!" లోపలికి రానివ్వద్దని తేల్చి చెప్పింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సొసైటీలో కుక్కలున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టేసింది. నకిలీ కంపౌండర్, మీ గుమ్మం తొక్కనివ్వకండి అని రాసింది. ఆ వెంటనే డాక్టరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆయన తరఫున సిఫారసుకే అనుకుని ఎత్తలేదు.

ఏడో రోజూ వచ్చాడట. ఎనిమిదో రోజు రాలేదు. పీడ విరగడైందనుకుంది.

రెండు వారాలు తిరక్కుండానే జున్ను కాలు మళ్లీ వాచింది. ఈసారి ఒళ్లు కాలిపోయింది, తల ఎత్తలేదు. పరుగున క్లినిక్‌లో చేర్చింది. పాత మందు పని చేయలేదు. డాక్టరు రెండుసార్లు మందు మార్చింది, అవీ పని చేయలేదు. నాలుగో రోజు సాయంత్రం జున్ను పోయింది.

ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, శ్రీవల్లి నేరుగా ఛాయాదేవి గదిలోకి దూసుకెళ్లింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! ఆ కంపౌండరు మురికి సూదులే నా జున్నును చంపాయి. వాడి మీద కంప్లైంట్ ఇస్తాను. వాడి సర్టిఫికెట్ ఏది? చూపించండి!"

"లేదు."

"చూశారా! నాకప్పుడే తెలుసు!"

"ఆయన కంపౌండరైతే కదా సర్టిఫికెట్ ఉండేది!" ఛాయాదేవి గొంతు కూడా లేచింది. "ఢిల్లీ అశోకా రోడ్‌లో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిపాటు నా దగ్గర కూర్చుని సూది వేయడం నేర్చుకున్నారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు, టీ కూడా తాగరు. మీరు సూదులు ఆపేశారని ఏడుపు గొంతుతో నాకు చెప్పింది ఆయనే. నేనెన్ని ఫోన్లు చేశాను? ఒక్కటెత్తారా?"

శ్రీవల్లి చూపు చేతిలోని ఫోన్ మీదికి పోయింది.

"మీరు పెట్టిన ఫోటో చూసి ఇంకో మూడిళ్లవాళ్లు ఆయన్ని గేటు దగ్గరే ఆపేశారు. నిన్న వచ్చి సంచి నా బల్ల మీద పెట్టేసి, ఇంక నా వల్ల కాదమ్మా అని వెళ్లిపోయారు."

"డబ్బుకు కాకపోతే... ఇన్ని మాటలు పడి ఆయనకెందుకీ పని?" ఆమె గొంతులో కోపం అలాగే ఉంది. ఎవరి మీదో మాత్రం ఆమెకే తెలియడం లేదు.

ఛాయాదేవి బల్ల మీది గుడ్డసంచిని ఆమె వైపు జరిపింది.

"ఆరేళ్ల క్రితం ఆయన కుక్కకూ ఇలాగే సూదులు రాశాను శ్రీవల్లిగారూ. అది కాస్త లేచి తిరగ్గానే, నేను పంపిన కంపౌండర్‌ని గుమ్మంలోంచే తిట్టి తరిమేసిన మనిషి ఆయన."