మతాటులో ఆటపెట్టె

"ఏదో ఒకటి తేల్చండి మేడమ్. కాలేజీ వదిలే వేళయింది" అన్నాడు కండక్టర్ ఒమోలో, కాలుగాలిన పిల్లిలా దుకాణంలో అటూ ఇటూ తిరుగుతూ.

తేలితే కదా! లుతులి అవెన్యూలోని ఆ ఇరుకు దుకాణం బల్ల మీద రెండు ప్రాసెసర్లున్నాయి. కెముంటో ఒకదాన్ని తీస్తోంది, పెడుతోంది, రెండోది తీస్తోంది. ఆమె సొంత మతాటు బస్సులో సీటు కింద పట్టేంత చిన్న గేమింగ్ కంప్యూటర్‌కి వాటిలో ఏదో ఒకటి బిగించాలి. ఎదుటి బండివాళ్ళు పాటలతో, రంగు లైట్లతో కాలేజీ పిల్లల్ని ఎగరేసుకుపోతున్నారు. ఈ సాయంత్రం ఏ బండి ముందు నిండి స్టేజీ దాటితే ముందు వరుస చోటు ఇక దానిదేనని మతాటు యజమానుల సంఘం తేల్చి చెప్పింది. ఆ చోటు పోతే కెముంటో వెనక నిలబడి ఈగలు తోలుకోవాల్సిందే.

"పెద్దదే తీసుకోండి. గుర్రంలా పరిగెడుతుంది తెర మీద బొమ్మ" అన్నాడు ఒమోలో.

"పరిగెత్తి పరిగెత్తి కూలబడుతుంది" అన్నాడు దుకాణదారు దాహిర్. "అంత చిన్న పెట్టెలో దీన్ని పెడితే పైన చపాతీ కాల్చుకోవచ్చక్కా. వేడెక్కితే తనంతట తనే ఆగిపోతుంది. ఈ రెండోదాంట్లో బొమ్మల పని కూడా కలిసే ఉంది, వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. చల్లగా తన పని తాను చేసుకుపోతుంది."

"అమ్ముడుపోని సరుకు అంటగడుతున్నావు."

"ఖరీదెక్కువ పెద్దదానికే తమ్ముడూ. చేజేతులా బేరం పాడుచేసుకోడానికి నాకేమైనా పిచ్చా?"

ఇంతలో ఫోను మోగింది. అవతల డ్రైవర్ కిలోంజో. "ఎదుటి బండి వచ్చి నిలబడిందమ్మా. ఆ పిల్లకాయల ఆట కోసం నన్నిక్కడ ఎంతసేపు కూర్చోబెడతారు?"

కెముంటో ఫోను పెట్టేసింది. "దాహిర్, ఒక్క మాట చెప్పు. మధ్యలో ఆగనిది ఏది?"

"ఈ రెండోదే అక్కా. పొద్దంతా ఆడించినా ఆగదు. ఆగితే తెచ్చి నా మొహాన కొట్టు."

"ఇదే బిగించు. ఆట ఆగిందంటే ఆ పిల్లలు ఈలలేసి దిగిపోతారు."

పెట్టె చంకన పెట్టుకుని ఇద్దరూ జనాన్ని తోసుకుంటూ స్టేజీకి పరిగెత్తారు. ఒమోలో దాన్ని బండిలో సీటు కింద దూర్చి, వెనక గోడకున్న తెరకు తీగ తగిలించాడు. తెర మీద పచ్చటి మైదానం, ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. కాలేజీ వదిలారు. "ఇందులో ఆట ఉందిరా" అని ఎవడో అరవడమే ఆలస్యం, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఎక్కారు. ఎదుటి బండి ఇంకా సగం కూడా నిండలేదు. స్టేజీ గేటు దగ్గర నిలబడి చూస్తున్న కెముంటోకి ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

బండి నిండింది. కానీ కదల్లేదు.

ఆమె చెయ్యి ఊపింది. కేకేసింది. ఎదుటి బండి నిండుతోంది. మరో నలుగురెక్కారు, ఇంకో ఇద్దరు. ఇక ఆగలేక కెముంటో పరిగెత్తుకెళ్ళి తన బండి రేకు మీద దబదబా బాదింది. ఒమోలో తలుపులోంచి తల బయటపెట్టాడు.

"బండి చెడిందా?"

"లేదు మేడమ్."

"పెట్టె చెడిందా?"

"అబ్బే, వెన్నలా నడుస్తోంది."

"మరి కిలోంజో ఏడి?"

ఒమోలో లోపలికి వేలు చూపించాడు. "వెనక సీట్లో. ఓ పిల్ల 'నీ వల్లేమవుతుంది తాతా' అంది. అంతే, పంతం పట్టి ఆటకు కూర్చున్నాడు."

"ముందు దిగి బండి తియ్యమను."

ఎదుటి బండి హారన్ మోగించుకుంటూ వాళ్ళ పక్కనుంచే గేటు దాటిపోయింది.

"చెప్పాను మేడమ్. ఆట ఒక్కసారి ఆగితే చాలు, దిగుతానంటున్నాడు. అదేమో ఆగి చావట్లేదు."