చేతి వేడి

ముసలాయన ఎవరినీ అడక్కుండా అద్దం అంచు మీద చెయ్యి వేశాడు.

టైలరుకి ఒళ్లు మండింది. మండదా మరి? ఎనిమిది నెలల చాకిరీ అది.

పెద్ద పళ్లెమంత గాజు బిళ్ల. మిషను కట్టేశాక రోజూ దాన్ని రుద్దడమే పని. "నన్ను ఏనాడైనా అంత శ్రద్ధగా చూశావా?" అని పెళ్లాం దెప్పింది కూడా. అది పూర్తయితే ఊళ్లో నక్షత్రాల పిచ్చోళ్ల సంఘానికి సొంత టెలిస్కోపు వచ్చినట్టే. వచ్చే నెల ఒక తోకచుక్క కనపడబోతోంది. ఈసారి తప్పిపోతే మళ్లీ వీళ్ల ముని మనవలకి కూడా కనపడదు. అందుకే సోమవారం అద్దాన్ని వెండి పూతకి పంపి తీరాలని పట్టుబట్టి, ఆ రోజు తెల్లారకముందు నుంచే రుద్దుతున్నాడు.

"ముట్టుకోకండి," అని టైలరు ఆయన చెయ్యి తీసేశాడు.

ముసలాయన ఏమీ అనుకోలేదు. "ఇంకా వెచ్చగానే ఉంది," అని గొణుక్కున్నాడు.

నల్ల కళ్లద్దాలు, చేతికర్ర. చూపు లేదు. కూతురు పైదాకా ఎక్కించి, గంటలో వస్తానని వెళ్లింది. కొండ మీద కట్టిన పెద్ద టెలిస్కోపు తీసిన ఫోటోలు ఇక్కడ గోడ మీద ఉన్నాయని ఎవరో చెబితే వచ్చాడట.

టైలరు షాపు మీది గదిలో ఆదివారం పొద్దున్నే చేరే ఆ పదిమందికీ ఆ ఫోటోలంటే ప్రాణం. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాటి ముందే నిలబడతారు. చూసినవే చూస్తారు, అన్నమాటే మళ్లీ అంటారు. చూపు లేనాయన ఫోటోలు చూడ్డానికి రావడమేమిటని పోస్టాఫీసు గుమస్తా మీసాల్లో నవ్వుకున్నాడు.

లెక్కల టీచరు మాత్రం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో ఫోటో దగ్గరా ఆగి చెప్పుకొచ్చింది. ఇది సుడి తిరిగిన గెలాక్సీ అంది. ఇది ఎర్రటి ధూళి మేఘం, దీని కడుపులో ఇప్పుడిప్పుడే నక్షత్రాలు పుడుతున్నాయంది. టీచరు కదా, మొదలుపెడితే ఒక పట్టాన ఆగదు. ఆయన రంగుల గురించి అడగలేదు, దూరాల గురించీ అడగలేదు.

"మూలల్లో నక్షత్రాలు ఎలా ఉన్నాయమ్మా? సాగినట్టున్నాయా, చుక్కల్లా ఉన్నాయా?"

ఆవిడ ముక్కు ఫోటోకి ఆనించి మరీ చూసింది.

"చుక్కలేనండీ. సూదితో పొడిచినట్టున్నాయి."

"నాలుగు మూలలా?"

"నాలుగు మూలలా."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఎందుకంత సంతోషమో ఆవిడకి అర్థం కాలేదు గానీ, ఆవిడకీ సంతోషమే వేసింది.

అవతల టైలరు అద్దాన్ని పరీక్షకి నిలబెట్టాడు. దీపం పెట్టి, బ్లేడు అంచు అడ్డంపెట్టి చూస్తే గాజులో ఎత్తుపల్లాలు నీడల్లా కనపడతాయి. నడిమధ్యలో మెరక ఉంది. వెంట్రుకలో వెయ్యోవంతు ఉంటుందేమో. కానీ అదుంటే చుక్క చుక్కలా కనపడదు. ఇంత చేసి చివర్లో ఇదేం ఖర్మరా అని విసుక్కుంటూ, ఈ పూటే దాన్ని రుద్ది పారేస్తానని అందరికీ వినపడేలా అన్నాడు.

ముసలాయన అటు తిరిగాడు.

"ఈ పూట దాని జోలికి పోకు నాయనా. ఆ మెరక గాజుది కాదు, నీ చేతి వేడిది. రుద్దిన చోట గాజు ఉబ్బుతుంది. రేపు పొద్దున చూడు, ఉండదు."

"మీకు ఎదురుగా ఉన్న గోడే కనపడదు," అన్నాడు టైలరు. "నా అద్దంలో మెరక సంగతి మీకెందుకండీ?"

అదేం మాటని టీచరు కసిరింది.

"నిజమేగా అమ్మా, కనపడదు," అని ముసలాయన కర్ర కోసం తడుముకున్నాడు. కూతురు వచ్చేదాకా కూడా కూర్చోలేదు. టీచరే చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

టైలరు ఇంకో రెండు గంటలు రుద్దాడు. వేడి గాజునే మళ్లీ పరీక్షకి పెట్టాడు. మెరక లేదు. చంకలు గుద్దుకున్నాడు.

సోమవారం పొద్దున పెట్టెలో సర్దబోతూ, ఎందుకైనా మంచిదని చివరిసారి చూశాడు.

గాజు చల్లారి కుదించుకున్నాక, మెరక ఉన్న చోట ఇప్పుడు గుంట ఉంది.

మెరకైతే రుద్దొచ్చు. గుంటనేం చేస్తాం? చుట్టూ ఉన్న గాజునంతా దాని లోతుకి దించాలి. అంటే మళ్లీ నెలలు. చేజేతులా చేసుకున్నది, ఎవరి మీద అరవాలి? ఆ రోజు షాపు తెరవలేదు.

తోకచుక్క తన మానాన తను వచ్చి వెళ్లిపోయింది.

వెళ్లి ఆయనకి ఒక్క మాట చెప్పి, మళ్లీ పిలుచుకురమ్మని టీచరు పోరుతూనే ఉంది. టైలరుకీ వెళ్లాలనే ఉంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? ఇవాళ రేపని ఐదు వారాలు నాన్చాడు. ఆఖరికి ఇద్దరూ ఇల్లు కనుక్కుని వెళ్లి తలుపు తట్టారు.

కూతురు తీసింది.

"నాన్న పోయి నాలుగు రోజులైందండీ."

టైలరు గడప దగ్గరే నిలబడిపోయాడు. ఇల్లంతా సర్దేసి ఉంది. ఆ రోజు తానన్న మాట దాచకుండా చెప్పుకున్నాడు.

"ఆ సంగతి మాకు చెప్పనే లేదండీ," అందావిడ. "ఆ రోజంతా సంతోషంగానే ఉన్నాడు."

"గాజు గురించి ఆయనకి అంత ఎలా తెలుసమ్మా?"

"మీ గోడ మీది ఫోటోలు తీసిన టెలిస్కోపు లేదూ, దాని అద్దాన్ని తొమ్మిదేళ్లు చేత్తో రుద్దింది మా నాన్నేనండీ," అందావిడ, "దాన్ని నిలబెట్టే నాటికి చూపు పోయింది, అందుకే తన పని కుదిరిందో లేదో ఎవరినైనా అడిగి తెలుసుకుందామని మీ మెట్లెక్కాడు."