బిస్కెట్ డబ్బా కంప్యూటరు

టేపురికార్డరు కీచుమని కూసింది. టీవీ తెర మీద చారలు పరుగెత్తాయి. ఆరు నిమిషాలయ్యాక తెర నల్లబడి ఊరుకుంది.

రంగా తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది తొమ్మిదోసారి.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. కృష్ణ ఒడ్డున కరెంటు కేంద్రంలో రంగా జూనియర్ ఇంజినీరు. బెంగళూరు నుంచి విడిభాగాలు తెప్పించి, పెద్ద బిస్కెట్ డబ్బాలో బిగించి, కాలనీ క్వార్టర్లోనే సొంతంగా ఒక కంప్యూటరు తయారుచేశాడు. దానికి తెర ఇంట్లో టీవీ. ప్రోగ్రామంతా క్యాసెట్టులో కూతల రూపంలో ఉంటుంది. ఆ కూత టేపురికార్డరు నుంచి డబ్బాలోకి ఎక్కితే తెర మీద బాయిలరు బొమ్మ వస్తుంది.

ఎక్కితే కదా.

శుక్రవారం దాకా బాగానే ఎక్కింది. శనివారం పక్కింటివాళ్ళు పేరంటంలో పాటలకని టేపురికార్డరు పట్టుకెళ్ళి తెచ్చిచ్చారు. అప్పటి నుంచీ అది అలిగి కూర్చుంది.

పదకొండింటికి సూపరింటెండింగ్ ఇంజినీరు గారు, అందరూ ఎస్.ఈ. గారు అనే పెద్దాయన, స్వయంగా చూడటానికి వస్తున్నారు. ప్లాంటులో కొత్తగా కంప్యూటరు విభాగం పెడుతున్నారు. దానికి బెంగళూరులో శిక్షణ, కాలనీ మొత్తానికి ఒక్కటే సీటు. ఆ సీటు కోసమే రంగా రెండేళ్ళుగా టంకాలు వేస్తూ వేళ్ళు కాల్చుకుంటున్నాడు.

భార్య సౌభాగ్యలక్ష్మి మాత్రం ఆ డబ్బా పుణ్యమా అని మూడు ఆదివారాల సీరియల్ పోగొట్టుకుంది. ఇవాళ కూడా పనిచేయకపోతే టీవీ సీరియల్‌కి, డబ్బా అటక మీదికి అని తేల్చి చెప్పేసింది.

పదింటికి ఒకావిడ గుమ్మంలో నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, గుడ్డసంచి, ఎండలో నడిచొచ్చిన మొహం.

చేతిలో గేటు చీటీ. కాలనీ చీటీలో రెండే గళ్ళుంటాయి. ఒకటి చుట్టం, రెండోది పనిమనిషి. చుట్టమా అని గేటు దగ్గర కాపలా ఉండే అమరేశప్ప అడుగుతాడు. కాదంటే రెండో గడిలో టిక్కు పెడతాడు. మూడోరకం మనుషులు కూడా కాలనీకి వస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పనిమనిషి హనుమవ్వ జాతరకు పోతూ ఇంకెవరినైనా పంపుతానని చెప్పి వారమైంది. రంగా చీటీ వైపు ఒక్క చూపు చూశాడు.

"రాయచూరు నుంచొచ్చిన సార్. మీ..."

"అమ్మగారు లోపలున్నారు. ఆవిడతో మాట్లాడుకో."

ఆవిడ లోపలికెళ్ళి మంచినీళ్ళడిగింది. సౌభాగ్యలక్ష్మి ప్రాణం లేచొచ్చింది. నీళ్ళిచ్చి, రెండు పూటల అంట్లున్న తొట్టి చూపించింది. ఆవిడ అంట్ల వైపు చూసింది. సౌభాగ్యలక్ష్మి వైపు చూసింది. తను తాగిన గ్లాసు కడిగి బోర్లించింది.

పని మొదలైందని సౌభాగ్యలక్ష్మి సంతోషించింది.

ముందు గదిలో పదోసారి కూత లేచింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి తల పక్కకు వంచి వింది.

"కూత మెత్తగొస్తున్నది సార్. చెవుల గుచ్చినట్టుండాలె. టేపును చదివే హెడ్డు జర ఒరిగింది. పక్కన చిన్న స్క్రూ ఉంటది, తిప్పి చూడుండ్రి."

రంగాకు నవ్వొచ్చింది. ఇది పాటలు పాడేది కాదని, లెక్కలు చేసే యంత్రమని, దానికి సున్నా, ఒకటి తప్ప మరేమీ తెలియవని, ముట్టుకుంటే షాక్ కొడుతుందని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. చివరిది అబద్ధమే, జాగ్రత్త కోసం చెప్పాడు.

ఆవిడ ఓపికగా వింది. ఇంత చిన్న డబ్బాలో ఇన్ని తీగలు ఎట్లా పట్టించారని అడిగింది. రంగా పొంగిపోయి అదీ చెప్పాడు. టంకాలు మంచిగా పడ్డాయని ఆవిడ మెచ్చుకుంది. పని కోసం వచ్చినవాళ్ళు ఎవరైనా అలాగే అంటారనుకున్నాడు.

బయట బండి చప్పుడైంది. రంగా చొక్కా తొడుక్కుని వీధి మలుపు దాకా పరుగెత్తాడు. అది క్లబ్బుకు గ్యాసు సిలిండర్లు తెచ్చిన బండి. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి ఆవిడ టేపురికార్డరు ముందు కూర్చునుంది, చేతిలో స్క్రూడ్రైవరుతో. కూత చెవులు కోసేస్తోంది.

రంగా ఆవిడ చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. రెండేళ్ళ కష్టం బూడిదైందనుకున్నాడు.

"నీ పనీ వద్దు, ఏమీ వద్దు. వెళ్ళమ్మా."

"పోతా సార్. టేపు మాత్రం ఆపకుండ్రి, ఎక్కుతున్నది."

సంచి తీసుకుంటూ ఆవిడ సౌభాగ్యలక్ష్మితో నెమ్మదిగా అంది.

"మీ ఆయన చేతులు బంగారమమ్మా. చెప్తే ఇనే అలవాటే లేదు."

ఆవిడ వీధి దాటేలోగా తెర మీద బాయిలరు బొమ్మ వచ్చి నిలబడింది. రంగా గంతేశాడు. ఎలా వచ్చిందో ఆలోచించే తీరిక లేదు, ఎస్.ఈ. గారు రానే వచ్చారు.

ఆయన మీటలు నొక్కి చూశారు. ఆవిరి ఒత్తిడి అంకె ఎక్కింది, దిగింది. మురిసిపోయి, మధ్యలో ఇబ్బందులేమీ రాలేదా అని అడిగారు.

"టేపు హెడ్డు ఒరిగింది సార్. కూత వినగానే కనిపెట్టి సరిచేశాను. ఈలోగా కొత్త పనిమనిషి దాని మీద చెయ్యి వేసింది. పంపించేశాను."

వంటింట్లో కాఫీ కలుపుతున్న సౌభాగ్యలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

ఎస్.ఈ. గారు కుర్చీలో వెనక్కి వాలి, గది చుట్టూ ఎవరికోసమో వెతికారు.

"బాగుందయ్యా, కానీ సీటు ఎవరికన్నది తేల్చేది నేను కాదు. రాయచూరులో తన వంటింట్లోనే ఇలాంటివి మూడు తయారుచేసుకున్న లెక్చరరు ఉలిగెమ్మ గారే తేల్చాలి, నాకంటే గంట ముందే మీ ఇంటికొచ్చి చూస్తానన్నారు, ఇంకా రాలేదా?"